సగం పట్టాలు

చిట్టి రైలు అర్ధచంద్రాకారంలో తిరిగి, గచ్చు మీద బోర్లా పడింది. అప్పటికది పదకొండోసారి.

కూతురి కూతురు ఇందుజ పెట్టిన కూత సగంలోనే ఆగిపోయింది.

"తాతగారూ, మిగతా సగం ఎప్పుడు తిరుగుతుంది? సాయంత్రం నేనెళ్ళిపోతాను కదా!"

ఉమాపతి మాస్టారు ఇంజనుకి మళ్ళీ కీ ఇచ్చారు. రేకుతో చేసిన రైలది. ఆయన ఆరో ఏట, నాన్నగారి వెంట ఏలూరు వెళ్ళినప్పుడు దొరికింది. ఇంజను ఇప్పటికీ గట్టిదే. గుండ్రంగా అమర్చే పట్టాల్లోనే సగం తుప్పు తినేసింది.

ఒక్క చుట్టు పూర్తిగా తిప్పి చూపించి, ఆ రైలుని మనవరాలి చేతిలో పెట్టాలని మాస్టారి తాపత్రయం. పొద్దుటినుంచీ గదికీ గుమ్మానికీ మధ్య షటిల్ సర్వీసు నడుపుతున్నారు. తాడేపల్లిగూడెంలో ఏ కొట్లో అడిగినా, "ఇప్పుడన్నీ రిమోటువేనండి" అన్నారు.

"మీ ఎమ్మే పట్టా నిండుగా ఉంది. కొల్లేటి పొలానికి పట్టా సగమే. రైలుకీ సగమే! ఇంక పట్టాభిషేకం ఎలా అవుతుందండీ?" అంది భార్య చాముండేశ్వరి వంటింట్లోంచి.

మాస్టారికి నవ్వు రాలేదు. ఆ పొలం ఊసెత్తితే ఆయనకి ఒళ్ళు మంట. ముదినేపల్లి అవతల మూడెకరాలు. సగానికి పట్టా లేదు. "మేం పుట్టిస్తాం" అంటూ వారానికో బ్రోకరు వచ్చి గేటు తడతాడు.

గేటు చప్పుడైంది.

ఎనభై ఏళ్ళ మనిషి. తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి, ఒళ్ళంతా చెమట.

"ఉమాపతిగారిల్లు ఇదేనాండీ? నన్ను నెహెమ్యా అంటారండి. ఏలూరునించొచ్చానండి. తవరి పట్టాలు సగమే ఉన్నాయంట కదండి. మిగతా సగం చేసి తెచ్చానండి."

"చేసి... తెచ్చారా?"

"చేతిపనేనండి. పాతవాటి పక్కనెట్టి చూసినా ఎవరూ తేడా కనిపెట్టలేరండి."

మాస్టారి బీపీ పట్టాలు తప్పింది.

"దొంగ పట్టాలు తయారుచేసి ఇంటికే పట్టుకొస్తావా? ఈ వయసులో సిగ్గులేదూ?"

"అయ్యో, దొంగయ్యేంటండి బాబూ! పాపగారు ఊరెళ్ళిపోయేలోపు ఇచ్చేద్దామని..."

"పాప జోలికొస్తావా! బెదిరిస్తున్నావా? పోలీసుల్ని పిలవనా?"

పెద్దాయన సంచిలో చెయ్యి పెట్టబోయాడు. మాస్టారు ఇంకా హడలిపోయి గేటు వేసేశారు. ఏ రైలూ రాకుండానే గేటు పడింది.

"పోనీలెండి" అంటూ పెద్దాయన స్టేషను వైపు నడిచాడు.

అరగంటకి ఏలూరునుంచి బావమరిది బుచ్చిబాబు ఫోను.

"పట్టాలు కుదిరాయా బావగారూ? పొద్దుటినుంచీ చేస్తున్నాను, ఎత్తరేం?"

"ఫోను ఇందుజ గేములకే సరిపోయింది. ఏ పట్టాలు?"

"రైలు పట్టాలండీ బాబూ! నెహెమ్యాగారని, రేకుపని చేసే పెద్దాయన. మీరు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూపిస్తే, నిన్న కూర్చుని మిగతా సగం కత్తిరించేశారు. అమర్చడానికి పది నిమిషాలు చాలన్నారు. ఇవాళ మూడున్నర బండికి వైజాగ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఇక ఇటు రారు. మీకోసమే ముందుగా బస్సులో గూడెం వచ్చి, బండి అక్కడే ఎక్కుతున్నారు."

మాస్టారు చెప్పుల్లేకుండానే స్కూటరెక్కారు. వెనక ఇందుజ.

ప్లాట్‌ఫారం చేరేసరికి బండి కదులుతోంది. జనరల్ పెట్టె కిటికీలో తెల్లచొక్కా.

"నెహెమ్యాగారూ! పొరపాటైపోయిందండీ!"

చక్రాల చప్పుడులో మాట కలిసిపోయింది. ఎవరో పాప చెయ్యి ఊపుతోందని పెద్దాయన కూడా చెయ్యి ఊపాడు. ఒళ్ళో గుడ్డసంచి అలాగే ఉంది.

మాస్టారు ఫోను తీశారు.

"బుచ్చిబాబూ, ఆయన నంబరుందా?"

"ఆయనకి ఫోనే లేదండి."

"పోనీ ఆ ఫొటో ఇంకెవరికైనా చూపించి చేయించు."

"అవదండి. ఫొటోలో కొలతలుంటాయా?"

"మరి ఈయన ఎలా చేశాడు?"



"ఆయన మీకు చెప్పలేదాండీ? ఆ రైలు ఆయన తన కొడుకు కోసం చేసుకున్నదేనటండి. అప్పట్లో తన కొట్టు ముందు మీరు ఏడుస్తుంటే చూళ్ళేక, తీసి మీ చేతుల్లో పెట్టేశారట."