పక్క సీటులో పాల క్యాన్

ఆ ఏడు ఫుట్‌బాల్ పోటీలో ఎల్డన్ పనిచేసే కాలేజీ ఓడిపోయింది. ఓడినవాళ్ళే తెల్లవారేలోగా ట్రోఫీని గెలిచినవాళ్ళ ఊరికి చేర్చాలి. ట్రోఫీ అంటే ఒక పాత ఇనుప పాల క్యాన్. జట్టు సామాన్లు చూసే ఎల్డన్ దాన్ని ట్రక్కులో పక్క సీటు మీద పెట్టుకుని బయలుదేరాడు.

దారిలో, అవతలి జట్టులో ఇదే పని చేసే గార్డెల్ ఫోన్ చేశాడు. "ఏం మామా, బండి నడుపుతున్నావా, ఏడుస్తున్నావా? క్యాన్ తుడిచి మరీ పట్టుకురా."

"నోరు మూసుకుని గేటు తీసి ఉంచరా," అన్నాడు ఎల్డన్.

క్యాన్ బరువుకి అక్కడ ఎవరో కూర్చున్నారనుకుని, బెల్టు పెట్టుకోమని ట్రక్కు కీచుమంటూనే ఉంది. రెండేళ్ళ కిందట అతని భార్య లవోన్ ఇలాగే పక్కన కూర్చుంది. బెల్టు పెట్టుకోమంటే నవ్వి ఊరుకుంది. ఆ రాత్రి బండి బోల్తాపడి ఆమె పోయింది. అతను ఆమెను ఇంకా క్షమించలేదు.

కోతలైన మొక్కజొన్న పొలాల మధ్య, పక్క సీటులో టక్కుమని చప్పుడైంది. కీచుమోత ఆగిపోయింది.

ఎల్డన్ పక్కకు చూడలేదు. భయం కూడా వేయలేదు.

"ఇప్పుడా పెట్టుకునేది," అన్నాడు రోడ్డు వైపే చూస్తూ.

గార్డెల్ లైటు పట్టుకుని నిలబడ్డ గేటు వచ్చింది. ఆపితే ఆ బెల్టు విప్పాలి. ఎల్డన్ ఆపలేదు.