రంగక్క ఒప్పుకున్న ఆర్చి

“మిగిలిన దుడ్డుతో ఊరికి ఆర్చి కడదాం. చందా ఇచ్చినోళ్లందరి పేర్లూ దాని మీద రాయిద్దాం!” బెంగళూరు నుంచి ఊరి వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు అడ్మిన్ హనుమేశ్.

ట్యాంకర్లతో నీళ్లు తోలించడానికి పోగుచేసిన చందా అది. ట్యాంకర్లు రాకముందే వాన పడి బోర్లలో నీళ్లొచ్చాయి, దుడ్డు మిగిలిపోయింది. నీళ్లు లేనప్పుడు కూడా గ్రూపులో ఇంత కొట్లాట లేదు!

ఊళ్లో గొర్రెలు మేపుకునే రంగక్క ఫోను నోటికి ఆనించుకుంది.

“ఆర్చి కూడు పెడతాదా? సోలారు ప్లాంటు చుట్టూ కంచె వేసినోడు మా గొర్రెల దోవకు గేటు పెట్టి బీగం వేసినాడు. ఏటికి పోవల్లంటే కంచె అంతా చుట్టుకోవల్ల. ఆ దుడ్డుతో లాయర్ని పెట్టండప్పా. లేకుంటే వచ్చే సంతకు నా మంద అమ్ముకోవాల్సిందే.”

“గొర్రెలకు లాయరా అక్కా?” అన్నారు గ్రూపులోని కుర్రాళ్లు. గ్రూపు నిండా నవ్వు బొమ్మలు. అందరూ ఆమె చేతి మజ్జిగ తాగి పెరిగినవాళ్లే!

ఓటింగులో ఆర్చి గెలిచింది. తీరా చూస్తే కట్టడానికి చోటు దొరకలేదు. మళ్లీ రచ్చ.

ఉన్నట్టుండి రంగక్క గొంతు వినబడింది. “నా చేను గట్టు కాడ కట్టుకోండి. చోటు ఊరికే ఇస్తా. తహశీల్దారును మాత్రం పిలిపించల్ల.”

“మా అక్క బంగారం!” హనుమేశ్ దండాల బొమ్మలు పెట్టాడు.

ఆర్చి లేస్తుంటే అందరూ ఫోటోల్లో తమ పేరు వెతుక్కున్నారు తప్ప, వెనక ఏముందో పట్టించుకోలేదు.

ప్రారంభం నాడు ఆర్చి వెనక రంగక్క పెద్ద పరదా కట్టింది. గుమ్మడికాయ కొట్టారు. పావగడ నుంచి వచ్చిన తహశీల్దారు రిబ్బను కత్తిరించాడు. బెంగళూరు నుంచి దిగిన హనుమేశ్ గ్రూపుకంతా లైవ్ చూపిస్తున్నాడు.

“కిందినుంచి దాటల్ల సార్. సగంలో వెనక్కి తిరిగితే ఊరికి చెడుపు,” అంది రంగక్క.

తహశీల్దారు నవ్వుతూ పరదా ఎత్తాడు. ఎదురుగా ఇనుప గేటు, పెద్ద బీగం.

“ఏమిటిది? ఈ దారి ఎక్కడికి?”

“ఏటికి సార్. మా తాతల కాలం నుంచీ గొర్రెలు పోయే దోవ. మీ ఆఫీసు మ్యాపులోనూ ఉండాది.”

ఫోన్లన్నీ ఆయన వైపే ఉన్నాయి. తహశీల్దారు ముఖం ఎర్రబడింది.

“సర్కారు దారికి బీగమా? కంచె కాంట్రాక్టరును పిలవండి. ముందు దీన్ని పగలగొట్టండి!”

రెండు దెబ్బలకు బీగం ఊడిపడింది. రంగక్క ఈల వేసింది. గట్టు చాటు నుంచి మంద గంటలు మోగించుకుంటూ ఆర్చి కింద దూరి, తహశీల్దారు కన్నా ముందే ఏటికి ఉరికింది. రంగక్కకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అక్కా... మరి మా ఆర్చి?” నోరు తెరిచాడు హనుమేశ్.

“మీదేనప్పా. నేనడిగిన లాయరు కూడా అదే!”