అయిదు సాయంత్రాల రష్యా

"తొమ్మిది కాదు, పదకొండు."

మహీధర్ ఉలిక్కిపడ్డాడు. సింగపూర్ బిషాన్‌లో తానుండే అపార్ట్‌మెంట్ బ్లాకు కింద, రాతిబల్ల దగ్గర కూర్చుని ఆఫీసు కాగితాలు పైకి చదువుకుంటున్నాడు. దిద్దింది పక్క బల్ల దగ్గరి పెద్దాయన, అదీ తెలుగులో.

"రష్యాలో టైమ్ జోన్లు పదకొండు బాబూ. ఒక కొసన పిల్లలు బడినుంచి ఇంటికొస్తుంటే, రెండో కొసన అప్పుడే పళ్ళు తోముకుంటుంటారు."

"మీరు రష్యా వెళ్ళారా అంకుల్?"

"చదువుకున్నానక్కడ. నీకెందుకు రష్యా?"

"నెక్స్ట్ వీక్ నోవోసిబిర్స్క్‌లో ఆయిల్ కంపెనీతో మీటింగ్. ప్రాజెక్ట్ రాకపోతే నా జాబ్ పోతుంది. ఆ దేశం గురించి నాకు ఓనమాలు కూడా రావంకుల్."

పెద్దాయన అతని మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు మీది పేరు వంక కాసేపు చూశాడు. తర్వాత జరిగి చోటిచ్చాడు.

అయిదు సాయంత్రాలు పాఠం సాగింది. గడ్డకట్టిన బైకాల్ సరస్సు మీద బళ్ళు నడిచే సంగతి, వారం రోజులు పోతేగానీ గమ్యం చేరని రైలు సంగతి చెప్పాడు. యుద్ధంలో జర్మన్లు చేసిన లెనిన్‌గ్రాడ్ ముట్టడి దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దాదాపు తొమ్మిదొందల రోజులు. ఆకలి చూసిన మనుషులు. నీ పళ్ళెంలో రొట్టె ముక్క వదలకు."

"ఎకానమీ అంకుల్?"

"ఇప్పుడు ఆయిలూ గ్యాసూ పుణ్యమా అని కళకళలాడుతోంది. తొంభై ఎనిమిదిలో వాళ్ళ రూబుల్ విలువ కుప్పకూలింది. దెబ్బతిన్నవాళ్ళు, ముందు మనిషిని చూస్తారు, తర్వాతే నీ స్లైడ్లు. గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడి మాత్రం చెయ్యి కలపకు, వాళ్ళకది అపశకునం."

ఇన్ని అడిగినవాడు ఆయన పేరు అడగలేదు. సింగపూర్‌లో నెరిసిన తలలన్నిటికీ అంకులే పేరు, ఇంకొకటెందుకనుకున్నాడు కాబోలు!

ప్రయాణం రోజున పెట్టెతో దిగుతుంటే ఆయన ఎదురొచ్చాడు.

"ఒక్క నిమిషం కూర్చుని వెళ్ళవయ్యా. అక్కడ అదే ఆచారం."

మహీధర్ మొహం చిట్లించాడు. బయల్దేరాక ఆగి కూర్చోవడమంటే, మనకి ఎవరో తుమ్మినట్టు లెక్క.

"శకునం బాగోదంకుల్. టాక్సీ వచ్చేసింది."

"సరే, క్షేమంగా వెళ్ళిరా."

నోవోసిబిర్స్క్‌లో మహీధర్ నోట తన మాట ఒక్కటీ రాలేదు. అంతా అంకుల్ గొంతే. హోటల్ అద్దం ముందు నిలబడితే వెనకాల ఆయనున్నట్టనిపించి రెండుసార్లు తిరిగి చూశాడు. గుమ్మం దాటాకే చెయ్యి కలిపాడు. రొట్టె వదల్లేదు.

"మా దేశం గురించి మీకెవరో ప్రేమగా చెప్పారు," అన్నాడు ఆ కంపెనీ పెద్ద.

ప్రాజెక్ట్ వచ్చింది. అంకుల్ కోసం ఉన్ని టోపీ కొన్నాడు.

తిరిగొచ్చేసరికి బ్లాకు కింద కుర్చీలు వేసి ఉన్నాయి. దండ వేసిన ఫొటోలో అంకుల్. కింద బసవయ్య అని రాసుంది. ఆ పేరు ఎక్కడో చూసినట్టే ఉంది. ముందురోజు గుండె ఆగిపోయిందట.

మహీధర్ ఉన్ని టోపీ తీసి ఫొటో ముందు పెట్టాడు. పక్కన కూర్చున్న ఆయన భార్య మంగతాయారు తలెత్తి చూసింది.

"మహీధర్‌వి కదూ? పని అయిందా నాయనా? ఆయనకి ఆఖరిదాకా అదే ధ్యాస."

"అయిందాంటీ." ఏడుపు ఆగలేదు. "నేనెవరో తెలియకుండానే నాకింత చేశారు."

"తెలియకపోవడమేం?" అందామె మెల్లగా. "మీ కంపెనీ జురాంగ్ ఆఫీసులో పన్నెండేళ్ళు రష్యా పనులు చూసింది ఆయనే నాయనా, కిందటేడు ఇక రానక్కర్లేదంటూ వచ్చిన ఉత్తరం మీద సంతకం నీదేగా."