రెండో వైపు

"ఆ వైపు మూడో కిటికీ ఉండదు."

వాన తప్పించుకోవడానికి చర్చి హాల్లోకి వచ్చిన ముసలాయన అన్న మొదటి మాట అది.

కోల్మన్ తలెత్తాడు. అతని చేతిలో జానెడు రైలుపెట్టె. దుకాణంలో కొన్నప్పుడు అది ఏ రైలుదీ కాని మామూలు బొమ్మ. దాన్ని కోసి, అరగదీసి, అట్టముక్కలతో పలకలు అతికించి, ఒకప్పుడు తమ ఊరి మీదుగా నడిచిన రైల్లోని తొమ్మిదో నంబరు పెట్టెగా మారుస్తున్నాడు.

ఆ రైలు మూతపడి డెబ్బై ఏళ్ళు. తొమ్మిదో పెట్టెకు మిగిలింది ఒకే ఒక్క ఫొటో, అదీ ప్లాట్‌ఫారం వైపు నుంచి తీసింది. రెండో వైపు ఎలా ఉండేదో చెప్పగల మనిషి కోసం పన్నెండేళ్ళు వెతికాడు. దొరకలేదు. చివరికి ఆ వైపూ ఫొటోలోలాగే ఉంటుందనుకుని నాలుగు కిటికీలు పెట్టేశాడు.

"ఫొటో ఉందా, పెద్దాయనా?"

ఆదివారాలు ఆ హాల్లో కూడే రైలుబొమ్మల క్లబ్బులో ఫొటో లేని మాటకు విలువ లేదు.

"ఫొటో లేదు బాబూ. అక్కడ మొదట్నుంచీ చెక్కే. పొద్దుటెండ పక్క కిటికీలోంచే రావాలి."

"ఆ రైలు ఎప్పుడైనా ఎక్కావా?"

"ఎక్కలేదు."

బల్ల చుట్టూ నవ్వులు. ఎక్కకుండానే ఎండ కూడా కాచుకున్నాడు అన్నారెవరో.

ముసలాయన కూడా నవ్వాడు. పేరు మాలకీ అని చెప్పాడు. కోటు నిండా పొయ్యి పొగ వాసన.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. బిస్కెట్టును టీలో ముంచి, అది విరిగి పడేలోపు నోట్లో వేసుకోవడం ఆయనకో పండగ. గెలిచిన ప్రతిసారీ చుట్టూ చూసేవాడు, ఎవరైనా చూశారా అని.

వెళ్ళేముందు మాత్రం ఒకటే మాట.

"రేపు మా ఇంటికి రా బాబూ. టీ తాగుతూ చూద్దువుగాని."

ఏం చూడాలో కోల్మన్ అడగలేదు. ఒంటరి మనిషి, తోడు కోసం పిలుస్తున్నాడనుకున్నాడు. తనదీ ఒంటరి కొంపే. ఇంకో ఖాళీ ఇల్లు చూసే ఓపిక లేదు.

"వస్తాలే," అనేవాడు.

ఆ ప్రాంతం వాళ్ళు అలా అంటే రారని అర్థం. మాలకీకీ తెలుసు. అయినా దారి చెప్పి వెళ్ళేవాడు.

బెల్‌ఫాస్ట్ ప్రదర్శనలో కోల్మన్ పెట్టెకు రెండో బహుమతి వచ్చింది. పక్కన న్యాయనిర్ణేతలు పెట్టిన చీటీలో ఇలా ఉంది: "అద్భుతమైన పని. రెండో వైపు మాత్రం ఊహ."

తిరుగు ప్రయాణమంతా ఆ పొద్దుటెండే గుర్తొచ్చింది కోల్మన్‌కి.

మంగళవారం పొద్దున్నే పండ్ల కేకు కొనుక్కుని మాలకీ చెప్పిన దారి పట్టాడు.

పొలం చివర ఇల్లు లేదు. పొడుగ్గా, సన్నగా పరుచుకున్న బూడిద ఉంది. పక్కింటి నోరీన్ కోళ్ళకు గింజలు వేస్తోంది.

మాలకీ గురువారం పోయాడని చెప్పింది. రేడియోలో రోజూ చదివే చావు కబుర్లలో ఆ రోజే ఆయన పేరూ చదివారట. పొలం అమ్మకానికి పెడుతూ మేనల్లుడు నిన్ననే ఇల్లు తగలబెట్టించాడట. గురువారం కోల్మన్ ప్రయాణం హడావిడిలో పెట్టెకు దూది చుడుతూ రేడియో పెట్టలేదు.

నోరీన్ కేకు వంక చూసింది.

"వస్తానన్న క్లబ్బాయనవి నువ్వేనా? ప్రతి సోమవారం రెండు కప్పులు కడిగి పెట్టుకునేవాడు."

చేతిపని చేసే అలవాటు కొద్దీ కోల్మన్ బూడిద పక్కనే పాదం ముందు పాదం వేస్తూ కొలిచాడు. పొడవు ముప్పై అడుగులు. వెడల్పు ఎనిమిది.

ఆగిపోయాడు. మళ్ళీ కొలిచాడు.

"చిన్న ఇల్లేలే," అంది నోరీన్. "రైలు మూతపడ్డప్పుడు వాళ్ళ నాన్న వేలంలో కొని గుర్రాలతో లాగించుకొచ్చిన తొమ్మిదో నంబరు పెట్టె. మాలకీ బతుకంతా దాంట్లోనే గడిచింది."