అరంగుళం

ఆ పెద్దాయన పప్పు పొట్లం మీద స్కేలు పెట్టి కొలుస్తున్నాడు.

కొట్టు నడిపే ఆమె, వీధికంతా కొట్టక్క, చూసింది. తక్కెడ వదిలేసి ఇవతలికి వచ్చింది.

"ఏం కొలుస్తున్నావు పెద్దాయనా? ఎత్తు చూసి సంబంధం ఖాయం చేసుకుంటావా?"

"అక్షరాలమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "తూకం, తేదీ వేశారు కదా, ఆ అక్షరాలు."

జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నాడు.

అక్షరం అన్న మాట వినగానే ఆమెకు ఒళ్లు మండింది. మూడు నెలలుగా ఆ మాటే ఆమె కొట్టును తినేస్తోంది.

ఓడల మీద వచ్చే పప్పుకు పెద్దాఫీసువాళ్లు కొత్త రూలు పెట్టారు. సంచి మీద తూకం, తేదీ అరంగుళం ఎత్తు అక్షరాల్లో ఉండాలి. కొనేవాళ్ల కళ్లకు శ్రమ ఉండకూడదట. సంచుల మీద ఉన్నవేమో పావంగుళం. అంతే, సరుకంతా రేవులో ఆగిపోయింది. సగం పురుగు పట్టింది.

ఇక బజారులో మిగిలింది గొడుగు మార్కు కంపెనీ పప్పొక్కటే. వాళ్లు ధర రెట్టింపు చేసి కూర్చున్నారు.

పన్ను పెంచితే జనం నిలదీస్తారు. అక్షరం పెంచితే ఎవరు అడుగుతారు?

తిట్లు మాత్రం కొట్టక్కకే. కిలో కొనే ఇస్త్రీ ఆమె నిన్న పావుకిలో పొట్లం పట్టుకుని, "దోచుకో అక్కా, బాగా దోచుకో," అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇరవై ఏళ్ల స్నేహం.

"నువ్వు ఆఫీసు మనిషివా?" అంది కొట్టక్క.

పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆఫీసు మనిషినే."

ఆమె చటుక్కున అతని చేతిలోని స్కేలు లాక్కుంది. పాత చెక్క స్కేలు.

"ఇది నా దగ్గరుంటుంది. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

"శుక్రవారం దానితో పనుందమ్మా."

"నాకు పప్పుతో పనుంది. ఎవరిచ్చారు?"

అతను బతిమాలలేదు. కొలిచిన గొడుగు మార్కు పొట్లమే కొన్నాడు. బిల్లు అడిగాడు, దాని మీద కొట్టు ముద్ర కూడా వేయించుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"గొడుగువాళ్లు కాగితం పట్టుకొస్తారు. శుక్రవారం దాటేదాకా సంతకం పెట్టకమ్మా."

"నా సంతకం ఊసు నీకెందుకు? వెళ్లు."

వెళ్లాడు.

మర్నాడు గొడుగు మార్కు ఏజెంటు నిజంగానే కాగితం పట్టుకొచ్చాడు. కొట్టక్క గతుక్కుమంది. బయటపడలేదు.

"ఇక మీదట మా పప్పే అమ్మాలక్కా. నీకు కాస్త తగ్గించి ఇస్తాం. ఈ వీధిలో అందరూ సంతకం పెట్టేశారు, నువ్వే మిగిలావు."

"ఓడ పప్పు మళ్లీ వస్తే?"

"వచ్చినా నువ్వు అమ్మకూడదు. అయినా రాదులే."

"ఓడలు నిన్నడిగి బయల్దేరతాయా?"

ఏజెంటు నవ్వి కలం అందించాడు. కొట్టక్క కలం తీసుకోలేదు. బల్ల సొరుగులోంచి చెక్క స్కేలు తీసింది. కాగితం అడుగున చీమలబారులా ఉన్న వరుసల మీద పెట్టింది.

"ఇవేంటయ్యా?"

"షరతులక్కా. మామూలువే."

"మామూలువైతే అంత నక్కి కూర్చున్నాయేం? అరంగుళం చేసి పట్టుకురా, అప్పుడు పెడతాను సంతకం. నా కళ్లకు శ్రమ."

ఏజెంటు మొహం మాడిపోయింది.

"పస్తులుంటావక్కా."

"ఉంటాను. నా కొట్లో నేనుంటాను. నువ్వు మెట్లు చూసుకుని దిగు."

శుక్రవారం గడిచిపోయింది. సోమవారం పొద్దున్నే కొట్టు ముందు లారీ ఆగింది. మూడు నెలల తర్వాత ఓడ పప్పు. పాత ధరకే.

"రూలు కొట్టేశారక్కా," అన్నాడు డ్రైవరు సంచి దించుతూ. "శుక్రవారం పెద్దాఫీసులో విచారణ జరిగింది. లారీలు ఆపేసి అందరం వెళ్లాం. ఒక ముసలాయన లేచాడు. నలభై కొట్లలో కొన్న గొడుగు మార్కు పొట్లాలు, బిల్లులతో సహా బల్ల మీద పరిచాడు. జనం కళ్ల కోసమే రూలైతే ముందు వీటిని కొలవండి అన్నాడు. స్కేలేదీ అని అడిగారు. ఒక అక్క గుంజుకుంది, మీదే ఇవ్వండి అన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వామనుకో."

కొట్టక్క నవ్వలేదు.

"కొలిచారా?"

"చచ్చినట్టు కొలిచారు. పావంగుళం కూడా లేదు."

ఆమె లోపలికి వెళ్లింది. కొత్త సంచి విప్పి కిలో తూచింది. ముల్లు ఇంకాస్త ఒరిగేలా రెండు గుప్పిళ్లు ఎక్కువే పోసింది. పొట్లం కట్టి, స్కేలు తుడిచి దాని మీద పెట్టింది.

"ఆయన ఇటు వస్తాడు. స్కేలు కోసమైనా రావాలిగా. వచ్చాక ఈ గుమ్మంలోనే నిలబెట్టి తప్పయిందని చెబుతాను. వీధంతా విననీ."

డ్రైవరు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"రాడక్కా. అక్కణ్ణుంచే పోలీసులు తీసుకుపోయారు."

"ఏం, నిజం చెప్పినందుకా?"

"సగం చెప్పి ఊరుకుంటే ఇంటికెళ్లేవాడే."

కొట్టక్క స్కేలు చేతిలోకి తీసుకుంది. అరంగుళం దగ్గర ఎవరో ఎప్పుడో సిరాతో గట్టిగా గీసిన గీత ఉంది. ఇన్నాళ్లూ చూడనేలేదు.

"కంపెనీ లాయరు లేచి, ఈ రూలు మా కోసమే రాశారని నీకెలా తెలుసని గద్దించాడక్కా. ఆయన అటూ ఇటూ చూడలేదు. కంపెనీవాళ్ల గదిలో కూర్చుని, వాళ్లిచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని, ఆ అరంగుళం రాసిన చెయ్యి ఇదే అని చెయ్యెత్తి చూపించాడు."