ఉత్త అద్దెవాళ్ళం

"ఆ బిల్డింగు మాదే అంటిరి గదమ్మా" అంది ఎల్లమ్మ, గుమ్మం దగ్గరే నిలబడి.

సుభాషిణి ఆ మాట అన్నది నిజమే. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో తన ఇంట్లో పనిచేసే ఎల్లమ్మది పాలమూరని తెలిసి, ఆమె భర్త సాయన్నకు నోయిడాలో ఆ బిల్డింగు దగ్గర కూలిపని చూపించింది తనే. "మా సాత్విక కంపెనీ షోరూమ్. లెక్కలు రాసేది మా అమ్మాయే" అని గొప్పగా చెప్పింది. సోమవారం అక్కడ స్లాబు కూలి సాయన్న చచ్చిపోయాడు.

"కంట్రాక్టరు ఫోనెత్తుతలేడు. జాగ ఓనరు నాకేం ఎరకలేదంటుండు. కట్టిపిస్తున్నది మీరేనని పోలీసులకు ఒక్క మాట చెప్పు, సాత్వికమ్మా."

సాత్విక లాప్‌టాప్ మీంచి తలెత్తింది. "నిజమే దీదీ. తర్వాత మా కంపెనీ జాగ ఓనరు దగ్గర అద్దెకే ఉంటుంది గానీ, కట్టేటప్పుడు డబ్బూ అజమాయిషీ మావే. అందుకే పూర్తయ్యేదాకా లెక్కల్లో మా సొంతమనే రాశాను. ఆ కాగితం కాపీ..."

పోలీసులు, కోర్టు, కూతురి ఉద్యోగం ఒక్కసారిగా సుభాషిణి కళ్ళ ముందు తిరిగాయి.

"దానికేం తెలీదు ఎల్లమ్మా. నేనే ఏదో గొప్పకి అన్నాను. మేం ఉత్త అద్దెవాళ్ళం."

సాత్విక తల్లి వైపు చూసింది. కాపీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఎల్లమ్మ వెళ్ళాక సుభాషిణి గడియ పెట్టి ఊపిరి పీల్చుకుంది. "అన్నం తిందువుగాని రా."

"పొద్దున ఆఫీసులోనూ ఇదే అన్నారమ్మా. సొంతమన్నది కొట్టేసి, ఉత్త అద్దెవాళ్ళమని రాయమన్నారు. రాయనన్నాను."

"మరి ఇప్పుడో?"

సాత్విక లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది.

"నువ్వు చెప్పావుగా. రాస్తున్నా."