ఆరో ఇల్లు

మూడోసారి నొక్కినా అదే అంకె. 0.0565.

భాను కాలిక్యులేటర్‌ను మంచం మీద పడేసి తల పట్టుకుంది. గ్రాఫులు కూడా గీసే ఆ మిషన్ ప్రభాకర్ సారు సొంతం. ఖమ్మంలో ఆమె చదివే కాలేజీ మొత్తానికి అలాంటిది అదొక్కటే.

"ఏమంటాంది బిడ్డా నీ మిషను?" చేటలో బియ్యం చెరుగుతూ అడిగింది జంపక్క.

"దోమతెరలు దండగ అంటున్నది అవ్వా."

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ గూడెంలో నలభై ఇళ్లు. పదిహేను రోజుల కిందట వచ్చి జంపక్క ఇంట్లో దిగినప్పుడే ఏ ఇంట్లో దోమతెర ఉందో భాను రాసుకుంది. ఈ పొద్దున మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, ఈలోగా ఎక్కడ జ్వరం వచ్చిందో రాసుకుంది. తెర ఉన్నవి ఇరవై ఇళ్లు, వాటిలో ఆరింట జ్వరం. లేనివి ఇరవై, పన్నెండింట జ్వరం. తేడా గుడ్డివాడికైనా కనబడుతుంది. కాని కై స్క్వేర్ పరీక్షకు మొహమాటాలు లేవు. ఆ నాలుగు అంకెలూ వేసి నొక్కితే, అంత తేడా కాకతాళీయంగా రావడానికి ఎంత అవకాశం ఉందో చెప్పేస్తుంది. అది 0.05 కన్నా తక్కువుంటేనే తెరలిచ్చే సంస్థకు రిపోర్టు పంపుతానని సారు ముందే చెప్పారు. ఆఖరు తేదీ ఇవాళే.

తెర ఉండి జ్వరం వచ్చిన ఆరిళ్లలో ఆరోది జంపక్కదే. ఆరేళ్ల మనవరాలు జ్యోత్స్న ఒళ్లు కాలిపోతుంటే, తల్లీ తాతా భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లి రెండు రోజులయింది.

ఆ ఇంటి మీద భానుకు ఇవాళ కోపమొచ్చింది, కోపమొచ్చినందుకు సిగ్గూ వేసింది. ఇంట్లో ఉన్న ఒక్క మంచం ఆమె కోసం వసారాలో వేసి, వాళ్లంతా లోపల నేల మీద పడుకున్నారు. వద్దన్నా రోజూ కోడిగుడ్డు వండి పెట్టారు. "మా దోమలు గూడ చుట్టాన్ని కుడతలెవ్వు" అని తాత పగిడయ్య ఆటపట్టించేవాడు.

"అవ్వా, నిజం చెప్పు. మీ తెరతోని చేపలు గిట్ల పట్టిన్రా?"

"అయ్యో, లే బిడ్డా."

"చినిగిందా?"

"కొత్తది. ఒక్క బొక్క లేదు."

"మరి పిల్లకు జరమెట్ల వచ్చింది?"

జంపక్క చేటలోంచి తలెత్తలేదు. "అడివి దోమ బిడ్డా. దానికి మనం చెప్పొస్తమా?"

భాను కాలిక్యులేటర్ అందుకుంది. జంపక్క ఇంటిని తెర లేని వరుసలోకి మార్చి నొక్కింది. 0.0239.

ఒక్క ఇల్లు! ఎవరొచ్చి చూస్తారు? ఒక్క అబద్ధానికి ఇరవై ఇళ్లకు తెరలొస్తాయి. వేలు చాలాసేపు ఆ అంకె మీదే ఉండిపోయింది. చివరికి ఆమె వల్ల కాలేదు. కళ్లతో చూడనిది రాయడం తనకు నేర్పలేదు. అయిదును చెరిపి మళ్లీ ఆరు వేసింది.

సిగ్నల్ కోసం గుట్టెక్కి సారుకు ఫోన్ చేసింది.

"0.0565 సార్."

"ఏం చేస్తం భానూ. ఆ గూడెం పేరు కొట్టేస్తున్న."

దిగి వచ్చేసరికి పగిడయ్య గడపలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో జ్యోత్స్న గౌను. లోపల జంపక్క ఏడుపు.

"జరం మెదడుకెక్కిందన్నరు. పొద్దుగాల పోయింది బిడ్డా."

భాను అతని పక్కన కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది, అడగకుండా ఉండలేకపోయింది.

"రాత్రిళ్లు తెరలనే పండింది గద తాతా? మరెట్లయింది?"

పగిడయ్య ఆమె తల నిమిరాడు.

"పిల్ల తెరల యాడ పండింది? ఇంట్ల ఉన్నది ఒక్కటేనాయె."

"లోపల ఇంకోటి ఉన్నదనుకున్న..."

"అది నీ మంచానికి కట్టినం గద బిడ్డా."